తామ్రఫలకం మీద మానవముఖం

తాటాకు మీద గంటంతో వ్రాసినప్పుడు అక్షరం వెంటనే కంటికి ఆనదు. ఆకు మీద సన్నని గాటు మాత్రం పడుతుంది. పిమ్మట మసి పూసి తుడిచినప్పుడు, గాటులో నిలిచిన మసి అక్షరమై బయటపడుతుంది. ఐరోపాలో 15వ శతాబ్దంలో పుట్టి 17వ శతాబ్దంలో పరాకాష్ఠ నందుకొన్న తామ్రఫలక చిత్రముద్రణకు మూలసూత్రం ఇంతకు మించినది కాదు. రాగిరేకు మీద గీతలు చెక్కి, వానిలో సిరా నింపి, రేకు పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, తడిపిన కాగితాన్ని దానిమీద పరచి, రెండు రోలర్ల నడుమ గట్టిగా ఒత్తితే, గీతలో దాగిన సిరాను కాగితం పైకి తీసుకొంటుంది. సూత్రం సులభమే. కాని ఆ గీతలతోనే ఒక మనిషి చెంపలోని మెత్తదనాన్ని, కంటిలోని తడిని, పట్టుబట్ట మీద జారే వెలుతురును చెప్పవలసి వచ్చినప్పుడు అది ఒక మహావిద్య అవుతుంది. బరోక్ యుగంలో ఆ విద్యను ఆరాధించినవారు చెక్కిన ముఖాలను గురించే ఈ వ్యాసం.

బరోక్ అని కళాచరిత్రకారులు పిలిచే యుగం స్థూలంగా 1600 మొదలుకొని 18వ శతాబ్దపు తొలి దశాబ్దాల వరకు వ్యాపించినది. ఆ యుగానికి మానవముఖం మీద తీరని మోజు. రాజులు, మంత్రులు, మతాధిపతులు, సేనానులే గాక వైద్యులు, గణితవేత్తలు, చిత్రకారులు సైతం తమ రూపాలను రాగిమీద చెక్కించుకొన్నారు. తైలవర్ణచిత్రం ఒక గోడకు మాత్రమే చెందుతుంది. రాగిరేకు నుండి వందలకొలది ప్రతులు తీయవచ్చును. గ్రంథం తొలిపుటకు ఎదురుగా గ్రంథకర్త రూపచిత్రం ఉండటం ఆచారమైనది. పారిస్‌లో పట్టం కోసం సిద్ధాంతవాదం చేయబోయే సంపన్న విద్యార్థి తన వాదాన్ని ఒక మహనీయునికి అంకితం చేసి, ఆయన రూపం చెక్కించిన పెద్ద కాగితం మీద తన ప్రతిపాదనలను అచ్చువేయించి పంచేవాడు. కృతిభర్తలను వెదకుకొన్న మన కవులకు ఈ ఆచారం వింతగా తోచదు. కెమెరా పుట్టడానికి రెండు శతాబ్దాల ముందు, ఒక ప్రభువు ముఖం ఎట్టిదో దూరదేశంలోని ప్రజకు తెలిసినదంటే అది నాణెం వల్లనో ఈ తామ్రచిత్రం వల్లనో తెలిసినదే.

ఈ చిత్రాలలో ఎక్కువ భాగం స్వతంత్ర రచనలు కావు. చిత్రకారుడు రంగులతో వేసిన రూపాన్ని తామ్రశిల్పి గీతలలోనికి మార్చినాడు. కనుకనే చిత్రం అడుగున సాధారణంగా రెండు పేర్లు కనబడతాయి. ఎడమవైపు చిత్రకారుని పేరు, దానికి తోడు ‘చిత్రించెను’ అనే అర్థంలో ‘పింక్సిట్’ అన్న లాటిన్ క్రియ. కుడివైపు శిల్పి పేరు, ‘చెక్కెను’ అనే అర్థంలో ‘స్కల్ప్‌సిట్’ అన్న క్రియ. మనకు ఈ పద్ధతి పూర్తిగా క్రొత్తది కాదు. విజయనగర ప్రభువుల తామ్రశాసనాల తుదిని శ్లోకాలు కూర్చిన సభాపతి పేరుతో బాటు, వానిని రాగిమీద చెక్కిన వీరణాచార్యుని పేరు కూడా నిలిచి ఉన్నది. కాని శాసనశిల్పి అక్షరాన్ని అక్షరంగానే దించినాడు. ఐరోపా తామ్రశిల్పికి ఆ సౌకర్యం లేదు. అతని మూలంలో ఉన్నది రంగు. అతని చేతిలో ఉన్నది గీత. ఒక భాషలో ఉన్నదానిని, ఆ భాషలోని ఒక్క మాటయినా లేని మరొక భాషలో చెప్పవలసి ఉన్నది. ఈ కళాచరిత్రను నేను అనువాద చరిత్రలో ఒక అధ్యాయంగా చదవటానికి ఇదే కారణం. ఆ చదువులో తేలవలసిన ప్రశ్న ఒక్కటే: ఇట్లు మార్చేవాడు కేవలం పనివాడా, లేక కర్తయా?

ఆ ప్రశ్నకు పోవటానికి ముందు పనిని దగ్గరగా చూడాలి. తామ్రశిల్పి పనిముట్టు పేరు బ్యూరిన్. అది చదరపు ఉక్కు కడ్డీ. కొనను ఏటవాలుగా అరగదీస్తారు. రెండవ కొనకు అరచేతిలో ఇమిడే గుండ్రని పిడి ఉంటుంది. గంటం వలె దీనిని వ్రేళ్ళతో నడపరు; అరచేతితో ముందుకు తోస్తారు. రాగిరేకు ఇసుక నింపిన తోలుదిండు మీద ఉంటుంది. గీత వంపు తిరగవలసినప్పుడు చేయి తిరగదు, దిండు మీది రేకును ఎడమచేయి త్రిప్పుతుంది. ఉలి లోతుగా దిగితే గీత వెడల్పవుతుంది. పైకి తేలితే సన్నబడి మాయమవుతుంది. గీత అంచున లేచిన రాగిపొరను గీకివేస్తారు. తప్పు పడితే ఆ చోట గీకి, వెనుకనుండి సుత్తితో కొట్టి రేకును సమం చేసి, మెరుగుపెట్టి, మరల చెక్కవలసినదే. అచ్చులో కుడియెడమలు తారుమారవుతాయి గనుక, అన్నిటినీ ఎదురుగా ఊహించుకొని చెక్కాలి. ఒక్క పెద్ద ముఖానికి నెలలు పట్టేవి.

ఉబ్బి సన్నబడే గీతే ఈ భాషకు ప్రాణం. దానికి ఆ శక్తిని సంపాదించి పెట్టినవాడు హార్లెం నగరవాసి హెండ్రిక్ గోల్ట్‌సియస్ (1558–1617). పసితనంలో నిప్పులో పడి అతని కుడిచేయి వంకరపోయినదని, 1604లో చిత్రకారుల చరిత్రలు ప్రకటించిన కారెల్ వాన్ మాండర్ వ్రాసినాడు. ఆ చేతినే 1588లో గోల్ట్‌సియస్ కలంతో చిత్రించినాడు. ఆ చిత్రం నేటికీ హార్లెంలోని టైలర్ మ్యూజియంలో ఉన్నది. పూర్తిగా విప్పారని ఆ చేతిలో బ్యూరిన్ స్థిరంగా ఇమిడినదని, భుజబలమంతా గీతలోనికి దిగినదని కొందరంటారు. ఏమైనా, అతని తరువాత ఒక్కొక్క గీత తనంత తానే వెలుగునీడలను మోయగలిగినది. 17వ శతాబ్దపు శిల్పులందరూ ఆ ఆస్తికి వారసులే.

ఇక మూలకర్తకూ అనువాదకునికీ నడుమ వచ్చే తగవును ఆంట్‌వెర్ప్ నగరంలో చూడవచ్చును. రూబెన్స్ తన చిత్రాలు దేశదేశాలకు అచ్చుబొమ్మల ద్వారా పోవాలని కోరినవాడు. 1619 నాటి ఒక లేఖలో ఆయన తన అభిప్రాయం దాచుకోలేదు. గొప్ప శిల్పులు తమ చిత్తం వచ్చినట్లు చెక్కటం కంటె, తన మాట శ్రద్ధగా వినే ఒక యువకుడు తన కళ్ళయెదుట చెక్కటమే తక్కువ కీడని ఆయన భావం. ఆ యువకుడు లూకాస్ ఫోర్‌స్టర్‌మన్ అని చరిత్రకారులు ఎంచుతున్నారు. ఫోర్‌స్టర్‌మన్ మాట వినేవాడుగా ఎంతోకాలం ఉండలేదు. రూబెన్స్ రంగులలోని కాంతిని, బట్టల బరువును, చర్మపు వెచ్చదనాన్ని గీతలలోనికి దించిన కొలది తన పనికి తానే విలువ కట్టుకోసాగినాడు. ఆ గౌరవంలో భాగం తనకూ రావాలన్నాడు. తగవు ముదిరి, 1622లో రూబెన్స్ మిత్రులు ఆయన ప్రాణానికి రక్షణ కల్పించమని అధికారులను ప్రార్థించే వరకు వచ్చినది. రెండేండ్లకు ఫోర్‌స్టర్‌మన్ ఇంగ్లండుకు వెళ్ళిపోయినాడు. అతని స్థానంలో పౌలస్ పొంటియస్ అనే శాంతస్వభావుడు వచ్చినాడు. ఈ కథలో న్యాయం ఎవరి పక్షమన్నది నేటికీ తేలలేదు. కాని మూలకర్త ఎదుట కూర్చుండి అనువాదం చేసినవారెవరైనా ఫోర్‌స్టర్‌మన్ వైపు కొంత మొగ్గక మానరు.

రూబెన్స్ శిష్యుడు వాన్ డైక్ స్వభావం వేరు. 1630 ప్రాంతంలో ఆయన సమకాలికులైన ప్రభువులు, సేనానులు, పండితులు, కళాకారుల రూపచిత్రాల మాలిక నొకదానిని సంకల్పించినాడు. తరువాత ‘ఐకనోగ్రఫీ’ అన్న పేరుతో ప్రసిద్ధమైనది ఇదే. చాల చిత్రాలకు ఆయన నమూనాలు మాత్రం ఇచ్చి, చెక్కే పనిని పొంటియస్, బోల్స్‌వెర్ట్, ఇంగ్లండునుండి తిరిగివచ్చిన ఫోర్‌స్టర్‌మన్ మొదలగువారికి అప్పగించినాడు. సుమారు పదిహేను ఫలకాలను మాత్రం తానే ఎచింగ్ పద్ధతిలో గీసినాడు. ఎచింగ్‌లో రాగిని ఉలి చెక్కదు. రేకు మీద మైనపు పూత పూసి, దానిమీద సూదితో గీస్తారు. పూత తొలగినచోట ఆమ్లం రాగిని తింటుంది. చేయి కలం వలె స్వేచ్ఛగా పరుగెత్తుతుంది. వాన్ డైక్ గీసిన తలలు ప్రాణంతో తొణికిసలాడుతుంటవి. బట్టలకు నాలుగు గీతలు గీసి వదలివేస్తాడు. తన రూపాన్ని గీసుకొన్నప్పుడు తల తప్ప తక్కిన రేకంతా ఖాళీగానే ఉంచినాడు. ఆయన మరణించిన తరువాత, నూరు చిత్రాలతో ఆ మాలిక 1645లో వెలువడినప్పుడు, యాకొబ్ నేఫ్స్ అనే శిల్పి ఆ తల క్రింద భుజాలూ పీఠమూ చెక్కి దానిని గ్రంథముఖంగా మార్చినాడు. ఈనాటి అభిరుచికి ఖాళీ రేకు మీది తలే రుచిస్తుంది. ఆనాటి కొనుగోలుదారుకు అది సగం పని.

రెంబ్రాంట్‌ను ఇక్కడ తడిమి వదలుతున్నాను. 1647లో ఆయన యాన్ సిక్స్ అన్న తన మిత్రుని కిటికీ దగ్గర చదువుకొంటున్నట్లు గీసిన ఎచింగ్ ఆ శతాబ్దపు రూపచిత్రాలలో అత్యున్నతమైన వానిలో ఒకటి. కాని అది అనువాదం కాదు, స్వతంత్ర కావ్యం. మన ప్రశ్న అతనిది కాదు.

గీత ఒక్కటే ఎంతవరకు మాటాడగలదన్న పరీక్షను తుదివరకూ నడిపినవాడు ఫ్రెంచివాడైన క్లోద్ మెల్లాన్ (1598–1688). అబ్‌విల్‌లో పుట్టి, రోములో పన్నెండేండ్లు గడిపి, 1636లో స్వదేశానికి మరలినాడు. నీడను చూపటానికి తక్కినవారు గీతమీద అడ్డగీతలు గీసి వల అల్లేవారు. మెల్లాన్ ఆ అడ్డగీతలను వదలివేసినాడు. ఒకే దిక్కుకు సాగే సమాంతర రేఖలను ఉబ్బించీ సన్నగించీ రూపమంతా చూపినాడు. 1649లో అతడు చెక్కిన ‘వెరోనికా వస్త్రం’ ఈ పద్ధతికి శిఖరం. క్రీస్తు ముఖం గుడ్డమీద తనంత తానే అచ్చుపడినదన్న ఐతిహ్యం ఆ చిత్రానికి వస్తువు. నాసికాగ్రాన మొదలైన ఒకే ఒక్క గీత, శంఖావర్తంగా తిరిగి తిరిగి, ఎక్కడా తెగక రేకు అంచుల వరకు సాగుతుంది. ఆ గీత వెడల్పు మారటంలోనే కన్నులు, కన్నీరు, ముండ్ల కిరీటం, గుడ్డ మడతలు అన్నీ ఉన్నవి. ఏకైకుడు ఏకరేఖతో రూపొందినాడన్న శ్లేషను మెల్లాన్ దాని అడుగున లాటిన్‌లో చెక్కినాడు కూడా. మన చిత్రకవిత్వంలో గోమూత్రికా నాగబంధాదులను చూచి అబ్బురపడేవారు దీనినీ చూచి అబ్బురపడతారు. అబ్బురపాటు తీరిన తరువాత మిగిలేదెంత అన్న శంక రెండింటికీ సమానమే. నా మట్టుకు నాకు, విద్యాప్రియుడైన పెయిరెస్క్ ముఖాన్ని మెల్లాన్ 1637లో చెక్కిన చిత్రమే మిన్న. పెయిరెస్క్, అతని మిత్రుడు గాసెండీ దూరదర్శినితో చంద్రుని పరిశీలిస్తున్న రోజులలో చంద్రబింబాన్ని వారికోసం చెక్కినవాడు కూడా మెల్లానే. అనారోగ్యంతో చిక్కిన ఆ పండితుని ముఖంలో వెలుగూ నీడా దాదాపు ఆ చంద్రునిమీద వలెనే మెల్లగా సంధించుకొంటవి. అక్కడ శిల్పి తన నేర్పును మనకు గుర్తుచేయడు.

ఇంతకూ ఈ కళకు చక్రవర్తి రొబేర్ నాంతెయ్. రేంస్ నగరంలో 1623 ప్రాంతంలో పుట్టినాడు. తత్త్వశాస్త్రంలో తాను వాదించబోయే సిద్ధాంతానికి ముఖచిత్రాన్ని 1645లో తానే చెక్కుకొన్నాడు. నికొలా రెన్‌యెసోన్ అనే తామ్రశిల్పి వద్ద పని నేర్చి, అతని చెల్లెలిని పెండ్లాడి, కొలదికాలానికే పారిస్ చేరినాడు. అక్కడ అతని తొలిరోజులను గురించి ఒక చాటుకథ ఉన్నది. విద్యార్థులు భోజనానికి చేరే పూటకూళ్ళయింటికి పోయి, తాను గీసిన ఒక బొమ్మను చూపి, ‘ఈ రూపం గల మతవిద్యార్థి ఇక్కడ ఉన్నాడా? పేరు మరచినాను’ అని అడిగినాడట. అట్టి మనిషి ఎవరూ లేరు. బొమ్మ చేతులు మారినది, చూచినవారు మెచ్చుకొన్నారు, తమ రూపాలు కూడా గీయమన్నారు. కథ నిజమో కాదో గాని, అతడు అచిరకాలంలోనే రాజధాని ముఖాలన్నిటికీ చిత్రగుప్తుడయినాడు. 1650లో పారిస్‌లో ఉన్న ఇంగ్లీషు గ్రంథకర్త జాన్ ఈవ్‌లిన్‌ను చెక్కినాడు. మజారిన్‌ను పలుమార్లు చెక్కినాడు. కోల్బేర్‌ను, సేనాని త్యురెన్‌ను, 1661లో రాజాగ్రహానికి గురియై చెర పాలైన ఫూకేను చెక్కినాడు. 1658లో పదునాలుగవ లూయీ అతనికి రాజ చిత్రకారుడు, రాజ తామ్రశిల్పి అన్న పదవి నిచ్చినాడు. అతడు విడిచిపోయిన రూపచిత్రాలు రెండువందలకు పైగా ఉన్నవి. అందులో లూయీ రూపాలే పదికి తక్కువ కావు.

నాంతెయ్ ప్రత్యేకత ఎక్కడ ఉన్నది? ఇతరుల వర్ణచిత్రాలను కూడా అతడు చెక్కకపోలేదు. ల బ్రన్ చిత్రాన్ని అనుసరించి చెక్కిన బెల్యేవ్ర్ న్యాయాధిపతి రూపం రసికలోకంలో చాల ప్రసిద్ధం. కాని ఎక్కువగా అతడు మనిషిని ఎదుట కూర్చుండబెట్టుకొని, సుద్దలతోను పాస్టెల్ రంగులతోను తానే గీసి, పిమ్మట ఆ చిత్రాన్ని రాగికి ఎక్కించేవాడు. అట్టి చిత్రాల అడుగున ‘జీవంతుని చూచి’ అనే అర్థంలో ‘అద్ వీవుమ్’ అన్న మాట ఉంటుంది. మూలమూ అనువాదమూ ఒకే చేతివి. ప్రక్కన వేరొకరి పేరు లేదు. ఆ రూపాల అమరిక మాత్రం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: కోడిగ్రుడ్డు ఆకారపు చట్రం, దానిచుట్టూ బిరుదులు, అడుగున చిన్న పీఠం, భుజాల వరకు మాత్రమే మనిషి. చేతులు లేవు, కుర్చీ లేదు, తెర లేదు. కందపద్యం వంటి కట్టుబాటది. ఆ ఇరుకులో అతడు చేసినదంతా ముఖంలోనే చేసినాడు. బట్టకు నిడుపాటి గీతలు వాడినాడు. ముఖానికి వచ్చేసరికి గీతను తుంచి తుంచి చిన్న చిన్న గాట్లుగా, చివరకు చుక్కలుగా మార్చినాడు. దవడ క్రింద నీడ, కనురెప్ప మందం, పెదవి చివర పుట్టబోయి ఆగిన నవ్వు ఇవన్నీ గీతకూ చుక్కకూ మధ్య జరిగే వ్యవహారాలు. కోల్బేర్ కనుబొమల బరువు వేరు, త్యురెన్ కనుబొమల బరువు వేరు. రాజసేవకు బద్ధుడైన శిల్పి గనుక పొగడక తప్పదు. కాని పొగడ్త అంతా చట్రం మీది బిరుదులకు వదలి, ముఖం మీద మాత్రం తాను చూచినదే వ్రాసినాడనిపిస్తుంది.

అతని పద్ధతి ఈమాత్రం మనకు తెలియటానికి దొమెనికో తెంపెస్తీ అనే ఫ్లారెన్సు యువకుడు కూడా కారణం. మెదిచీ ప్రభువు మూడవ కోసిమో పంపగా ఇతడు నాంతెయ్ చివరి ఏండ్లలో పారిస్‌కు వచ్చి శుశ్రూష చేసి, గురువు నోట విన్న సూత్రాలను వ్రాసి ఉంచినాడు. నాంతెయ్ 1678లో మరణించినాడు.

పైన వేసిన ప్రశ్నకు ఫ్రాన్సులో రాజముఖతః ఒక సమాధానం వచ్చినది. 1660 మేలో, స్పెయిన్ రాజకుమారితో వివాహానికి సరిహద్దు పట్టణం సేన్ జాన్ ద లూజ్‌లో విడిసి ఉన్న పదునాలుగవ లూయీ, అక్కడినుండి ఒక శాసనం జారీచేసినాడు. పారిస్‌లోని తామ్రశిల్పులను కంసాలి, వడ్రంగి శ్రేణుల వలె ఒక వృత్తిసంఘంగా కట్టి, ప్రవేశానికీ పనికీ నిబంధనలు విధించాలని అప్పుడు ఒక ప్రయత్నం సాగుతున్నది. శాసనం దానిని త్రోసిపుచ్చినది. ఈ కళ కర్తల ఊహాశక్తి మీద ఆధారపడినదని, వారి ప్రతిభకు గల నియమాలు తప్ప వేరు నియమాలు దీనిపై చెల్లవని, దీనిని యంత్రప్రాయమైన చేతిపనులలో చేర్చితే కళకే హాని అని దాని తాత్పర్యం. ఈ శాసనం వెనుక నాంతెయ్ పలుకుబడి ఉన్నదని సంప్రదాయంగా చెప్పుకొంటారు. రాజుకు కళమీద ప్రేమతో బాటు తన రూపం దేశమంతటా ప్రచారం కావాలన్న కోరిక ఉన్నదన్నది స్పష్టమే. అయినా ఒక ప్రభుత్వం ‘ఇది అనుకరణ కాదు, ఊహ’ అని వ్రాతమూలకంగా ఒప్పుకొన్న సందర్భాలు చరిత్రలో తరచుగా రావు. మూడేండ్లకు రాజచిత్రకళా పరిషత్తు తామ్రశిల్పులకు తలుపు తెరచినది. పరిషత్తులో పెద్దలతో పోట్లాట వేరొక సంగతి: తామ్రముద్రణ రహస్యాలన్నిటినీ 1645లో తొలిసారిగా పాఠ్యగ్రంథంగా ప్రకటించిన అబ్రహాం బోస్‌ను, దూరదృశ్య శాస్త్రాన్ని గురించిన తగవులో 1661లో అక్కడినుండి వెళ్ళగొట్టినారు.

నాంతెయ్‌కు ప్రత్యుత్తరం వంటివాడు జెరార్ ఎడెలింక్ (1640–1707). ఆంట్‌వెర్ప్‌లో పని నేర్చి 1666లో పారిస్ చేరినాడు. ఇతడు ఇతరుల చిత్రాలనే చెక్కినాడు. 1676లో, ఫిలిప్ ద షాంపేన్ అనే వృద్ధచిత్రకారుడు తన్ను తాను చిత్రించుకొన్న రూపాన్ని రాగిమీదకు తెచ్చినాడు. షాంపేన్ అప్పటికి రెండేండ్ల క్రిందట మరణించినాడు. కొండలూ చెట్లూ వెనుక చీకటిగా ఉండగా, నల్లని ఉడుపులలో ఆ వృద్ధుడు మనలను చూస్తున్నాడు. నలుపులో నలుపును, బట్ట నలుపుకూ చెట్టు నలుపుకూ సాయంకాలపు నీడకూ భేదాన్ని, ఎడెలింక్ గీతల దిశలు మార్చి చూపినాడు. తన పనులన్నిటిలో దీనినే అతడు మేలైనదిగా ఎంచుకొన్నాడని చెబుతారు. అనువాదకునికి మూలకర్తయందు భక్తి ఉన్నప్పుడు, ఆ భక్తి అతని చేతులు కట్టివేయనప్పుడు, ఏమి సాధ్యమో ఈ ఒక్క చిత్రం చూపుతుంది. తండ్రి ద్రెవే, కొడుకు ద్రెవే ఇద్దరూ ఈ దారినే నడిచి దానిని దాటిపోయినారు. రిగో చిత్రించిన బొస్యుయే మతాచార్యుని రూపాన్ని కొడుకు పియేర్ ఎంబేర్ 1723లో చెక్కినాడు. అప్పటికి అతనికి ఇరవైయారేండ్లు. లేసు, ఉన్ని, పట్టు, కాగితం, చర్మం దేనికదే చేతితో తాకి చూచినట్లుంటుంది. ప్రబంధాలలో అష్టాదశవర్ణనలు ముగిసే సరికి నాయకుడు మరపున పడినట్లు, ఈ చిత్రంలో లేసు చూచిన తరువాత గాని ముఖం గుర్తుకు రాదు. నేర్పు పెరిగి చూపు తగ్గిన చోట ఒక కళకు ప్రొద్దుగుంకుతున్నదని తెలుసుకోవచ్చును.

ఇంగ్లండు మరొక త్రోవ పట్టినది. లుట్‌విగ్ ఫాన్ సీగెన్ అనే సైనికుడు 1642లో హెస్సె-కాసెల్ ప్రభ్వి రూపాన్ని మెజోటింట్ పద్ధతిలో ముద్రించినాడు. ఇందులో గీత లేదు. రేకునంతటినీ గరుకు చేస్తే అచ్చు నిండునలుపుగా వస్తుంది; ఆ గరుకును గీకి, మెరుగుపెట్టి చీకటిలోనుండి వెలుతురును బయటకు తీయాలి. రంగులచిత్రానికి ఇది అతిసమీపంగా పోతుంది. నా అభిప్రాయంలో అందుకే దీనిలో అనువాదపు ఆనందం తక్కువ. రేకు కూడా త్వరగా అరిగిపోతుంది.

ఈ రేఖాభాష మన దేశానికి వచ్చినప్పుడు ఏమయినదన్నది ప్రత్యేకంగా విచారింపదగినది. 1580లో జెస్యూట్ మతాచార్యులు ఫతేపూర్ సిక్రీలో అక్బరుకు ఆంట్‌వెర్ప్‌లో అచ్చయిన బహుభాషా బైబిలును సమర్పించినారు. అందులో తామ్రచిత్రాలున్నవి. వాని వెంట మరెన్నో అచ్చుబొమ్మలు వచ్చినవి. 1600 ప్రాంతంలో, బాలుడైన అబుల్ హసన్ అన్న మొగలు చిత్రకారుడు డ్యూరర్ 1511లో చెక్కిన యోహాను రూపాన్ని కుంచెతో మరల గీసినాడు. అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డులో ఉన్నది. ఉలి గీతను కుంచె గీతగా మార్చటం అదొక అనువాదం. ఆ బాలుడు అడ్డగీతల వలను గీత వెంబడి గీతగా కాపీ చేయలేదు. ఆ వల చూపిన నీడను మాత్రం గ్రహించి తన కుంచెకు తగిన మెత్తదనంలోనికి తెచ్చినాడు. ఎదురు ప్రయాణం మన తెలుగుదేశం నుండే సాగినది. కుతుబ్‌షాహీల కడపటి దినాలలో గోల్కొండ చిత్రకారులు గీసిన రాజరూపాల సంపుటాలను డచ్చి వర్తకులు కొనిపోయినారు. ఆమ్‌స్టర్‌డాం నగరాధ్యక్షుడు నికొలాస్ విట్సెన్ చేతికి వచ్చిన అట్టి సంపుటం ఒకటి నేటికీ ఆ నగరంలోనే ఉన్నది. వాలెన్‌టైన్ 1724–26 నడుమ ప్రచురించిన తూర్పిండియా చరిత్రలో మొగలు చక్రవర్తుల రూపాలను భారతీయ చిత్రాలను అనుసరించే చెక్కినారు. మన చిత్రకారుడు ప్రక్కచూపు ముఖాన్ని నీడ లేని ఒక్క పరిధిరేఖతో చూపుతాడు. నీడ లేనిచోట డచ్చి ఉలికి పని లేదు. కనుక అది నీడను కల్పించుకొన్నది. మూలంలో లేని బరువూ గుండ్రనా వచ్చి చేరినవి. ఇక్కడ అనువాదకుడు తన భాషా వ్యాకరణాన్ని అతిథిపై రుద్దినాడు.

ఈ రుద్దటమే ఆ కళ స్వభావమని వాదించినవారున్నారు. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో చిరకాలం ముద్రితచిత్రాలకు అధిపతిగా ఉన్న విలియం ఐవిన్స్ 1953లో ప్రకటించిన గ్రంథంలో, తామ్రశిల్పులు అలవరచుకొన్న గీతల వల ప్రతి వస్తువునూ ఒకే అచ్చులో పోసినదని, కెమెరా వచ్చిన తరువాతనే కన్ను ఆ వలనుండి బయటపడినదని వాదించినాడు. అంతకు పూర్వమే వియన్నా పండితుడు ఆదాం బార్ట్ష్ 1803–1821 నడుమ 21 సంపుటాలలో వెలువరించిన తన సూచికకు, తామే చిత్రించి తామే చెక్కినవారి పేరిట మకుటముంచినాడు. పరుల చిత్రాలను చెక్కినవారు ఆ గడపకు ఈవలనే మిగిలినారు. శ్రీనాథునితో పండితులు ‘మీ డుమువులు మీరు తీసుకొని మా నైషధం మాకిండు’ అన్నారన్న కథ మనకు తెలిసినదే. ఈ విమర్శకులు తామ్రశిల్పితో అన్నమాట కూడా అదే: మీ అడ్డగీతలు మీరు తీసుకొని మా రూబెన్స్‌ను మాకిండు. ఐవిన్స్ మాటలో నిజం లేకపోలేదు. గోల్కొండ ముఖాలకు పట్టిన గతి దానికి సాక్ష్యం; ఆ శతాబ్దంలో వేలకొలది వెలువడిన సామాన్యపు బొమ్మలన్నీ సాక్ష్యమే. కాని ఒక పద్ధతిని దాని మందబుద్ధుల పనిని బట్టి తూచటం న్యాయం కాదు. వల అందరికీ ఒక్కటే అయినప్పుడు షాంపేన్ నలుపు ఎడెలింక్‌కు ఎట్లు దొరికినది? అదే చిత్రాన్ని ఒక ఛాయాచిత్రంలో చూచినప్పుడు మనకు చిత్రం కనబడుతుంది. ఎడెలింక్ రేకులో, ఆ చిత్రాన్ని నెలల తరబడి చదివిన మరొక మనిషి కూడా కనబడతాడు. నన్నయను మనమెవ్వరమూ అనువాదకుడని పిలువము. ఆదికవి అంటాము.

17వ శతాబ్దపు ఫ్రెంచివారికి ఈ విషయంలో సందేహం ఉన్నట్లు తోచదు. షార్ల్ పెరో తన శతాబ్దంలో పుట్టిన మహాపురుషుల చరిత్రలను, ఎడెలింక్ మొదలగువారు చెక్కిన రూపాలతో కూడ, 1696లోను 1700లోను రెండు సంపుటాలుగా వెలువరించినాడు. మొదటి సంపుటంలో పాస్కల్, ఆర్నో అనే ఇద్దరు మనీషుల చరిత్రలను జెస్యూట్ల ఒత్తిడి వల్ల తొలగించి, వారి స్థానాలలో వేరిద్దరిని నిలుపవలసి వచ్చినది. పిదప మరల చేర్చినారు. మతాచార్యులు, సేనానులు, మంత్రులు, కవులు ఉన్న ఆ వరుసలో రొబేర్ నాంతెయ్ కూడా ఉన్నాడు. అతనిని తొలగించమని ఎవరూ అడగలేదు. జీవంతులను చూచి జీవితమంతా ముఖాలు చెక్కిన మనిషి, అప్పటికి పోయి రెండు దశాబ్దాలు కావచ్చినది. గ్రంథానికి అతని రూపం కావలసి వచ్చినప్పుడు, రాగిరేకును తోలుదిండు మీద ఉంచి బ్యూరిన్ చేతపట్టినవాడు జెరార్ ఎడెలింక్.